రెండు గేట్లు పడాలె

మిస్త్రీ చనిపోయిన సంగతి నాకు పదకొండు రోజులు ఆలస్యంగా తెలిసింది. మొగుళ్లపల్లి వైపు పత్తి గింజలు దింపి వచ్చిన మా లారీ డ్రైవరు చాయ్ తాగుతూ మాటల మధ్యలో అన్నాడు. “గేటు కాడ కార్ల షెడ్డుండె సూడు సేటూ, గా మిస్త్రీ బిడ్డింట్ల కాలం జేసిండట. దినాలు గూడ అయిపోయినయట.”

నేను దుకాణంలో గద్దె మీది నుంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియక మళ్లీ కూర్చున్నాను. డ్రైవరు చాయ్ గ్లాసు కింద పెట్టి, రేపటి లోడు ఎక్కడికని అడిగాడు. నాకు మాత్రం మిస్త్రీ అరచేయి కళ్ల ముందుకు వచ్చింది.

ఆయనకు నేనొక మాట చెప్పవలసి ఉండింది. పన్నెండేళ్లుగా రేపు చెబుదాం, వచ్చే నెల చెబుదాం అనుకుంటూ వచ్చాను. చిన్న మాటే. ఒక్క ఊపిరిలో అయిపోయే మాట. ఇక చెప్పడానికి మనిషి లేడు. అందుకే ఇది రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. జనగామలో అందరూ ఆయన్ని మిస్త్రీ అనే పిలిచారు. పేరు పెట్టి తలుచుకునేంత ముఖం నాకు లేదు.

పొట్టి మనిషి. ఖాకీ అంగీ చేతులు మోచేతి దాకా మడిచి, చెవి మీద బీడీ పెట్టుకుని ఉండేవాడు. బండి వస్తే తక్కిన మిస్త్రీల్లా ముందు బానెట్ ఎత్తేవాడు కాదు. బండికి ఎదురుగా గొంతు కూర్చునేవాడు, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడబోతున్నట్టు. ఇంజినులో నీళ్లు మసులుతున్నాయని చెబితే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే.

“నిల్సున్నప్పుడా, ఉరికేటప్పుడా?”

రెండో ప్రశ్న బానెట్ మీద చేయి వేశాక వచ్చేది. “ఇంకేమన్న చెప్పేదున్నదా?”

చాలామంది ఏం లేదనేవాళ్లు. ఆయన నవ్వేవాడు. “బండి సక్కగనే చెప్తది. కూసున్నోళ్లే దాస్తరు” అనేవాడు. ఒకసారి ఒక డ్రైవరు, పెట్రోల్లో కిరోసిన్ కలిపి, తనకేమీ తెలియదని ఒట్టు పెట్టుకున్నాడు. మిస్త్రీ పైపు ఊడదీసి, రెండు చుక్కలు అతని అరచేతిలోనే పోసి, “వాసన సూడు” అన్నాడు.  తిట్టడం ఆయనకు రాదు. తిట్టి ఉంటే నాలాంటివాళ్లకు బతుకు సులువయ్యేది.

మొదటిసారి ఆయన దగ్గరికి పోయింది అరవై తొమ్మిదిలో. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో కాలేజీలు మూతబడి ఉన్నాయి. మేమంతా చదువులు పక్కన పెట్టి ఊరేగింపుల్లో తిరుగుతున్నాం. ఒకనాడు పొద్దున స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చుని రైలును ఆపాం. గొంతులు పోయేదాకా నినాదాలిచ్చాం. ఆ రైలు కోసం పడిన అవతలి రైల్వే గేటు ఇక లేవలేదు. ఆ గేటు దగ్గర ఇరుక్కున్న బండ్లలో మా నాయిన కారు కూడా ఉంది. గేటు ఇప్పుడు లేస్తుంది, అప్పుడు లేస్తుందని ఇంజిను ఆపకుండా కూర్చున్నాడట. అరగంటకు కారు ముందునుంచి ఆవిరి లేచి, బానెట్ కింద నీళ్లు కుతకుత మసిలాయి. మా నాయిన కండువాతో విసురుకుంటూ రెండు మైళ్లు నడిచి ఇంటికొచ్చాడు.

“రైలాపిన మొగోనివి గద, నువ్వే పోయి కారు బాగు చేయించుకరాపో” అన్నాడు.

అంతకుముందే ఇద్దరు మిస్త్రీలు ఆ కారును చూశారు. ఒకాయన నీళ్ల పంపు మార్చాడు. ఇంకొకాయన రేడియేటర్ మూత మార్చాడు. హైదరాబాదు దాకా పోయి వచ్చినా ఏమీ కాదు. బజారులో పావుగంట నిలబడితే చాలు, మసులుతుంది. నలుగురితో తోయించుకుంటూ గేటు పక్కన ఉన్న షెడ్డుకు తీసుకుపోయాను.

“నిల్సున్నప్పుడా, ఉరికేటప్పుడా?”

“నిల్సున్నప్పుడే మిస్త్రీ. ఉరికితే మంచిగనే ఉంటది.”

“ఇంకేమన్న చెప్పేదున్నదా?”

“ఏం లేదు.”

నీళ్లు పోసి ఇంజిను నడిపించమన్నాడు. బీడీ వెలిగించుకుని కారు ముందు గొంతు కూర్చుని, పొగను మెల్లగా జాలీ మీదికి వదిలాడు. ఫ్యాను తిరుగుతున్నప్పుడు ఆ పొగ లోపలికి పోవాలి. అది జాలీ దగ్గర తచ్చాడి, పైకి లేచి, ఆయన ముఖం మీదికే వచ్చింది. తర్వాత పాత పేపరు కాగితం ఒకటి జాలీకి ఆనించి చేయి తీశాడు. కాగితం జారి కింద పడింది.

“సూసినవా చిన్నసేటూ? ఉరికేటప్పుడు గాలి దానంతటదే వచ్చి తగుల్తది. నిల్సున్నప్పుడు ఫ్యానే గుంజాలె. గుంజేటానికి సందేదీ?”

రేడియేటర్ రేకుల మధ్య పత్తి నూగు పేరుకుపోయి ఉంది. మా నాయిన రోజూ మార్కెట్లో కారును పత్తి కుప్పలకు ఎదురుగా, ముక్కు ఆనించినట్టే నిలిపేవాడు. కారులో నీడకు కూర్చుని కాంటా చూసుకునే అలవాటు ఆయనది. పత్తి సీజనంతా ఫ్యాను ఆ నూగును గుంజుకుంటూనే ఉంది. ఇద్దరు మిస్త్రీలు లోపల వెతికారు గానీ, ముందు నుంచి వేలు పెట్టి చూడలేదు. ఈయన వెనక నుంచి నీళ్లు కొడుతూ, చీపురు పుల్లతో ఒక్కొక్క సందు తీశాడు. తడిసిన పత్తి పొరలు పొరలుగా ఊడివచ్చింది. దాన్నొక గంపలో వేసి, సాయంత్రం వచ్చిన మా నాయిన ముందు పెట్టాడు. “ఇంత పత్తి కాంటా ఎక్కకుంట ఎట్ల ఇడిసిండ్రు సేటూ?” అన్నాడు. మా నాయిన అంతగా నవ్వడం నేను అరుదుగా చూశాను.

ఫ్యాను బెల్టు కూడా బిగించాక, ఇక పోవచ్చనుకుని స్టీరింగు ముందు కూర్చున్నాను. మిస్త్రీ చేయి అడ్డం పెట్టాడు.

“రెండు గేట్లు పడాలె.”

అది ఆయన పద్ధతి. షెడ్డు పక్కనే రైల్వే గేటు. గడియారం చూసే అలవాటు ఆయనకు లేదు. బాగు చేసిన బండి కదలకుండా ఇంజిను నడుస్తూ నిలబడాలి. ఒక రైలుకు గేటు పడి లేవాలి. ఇంకో రైలుకు మళ్లీ పడి లేవాలి. అప్పటిదాకా ఆయన ఎదురుగా కూర్చునేవాడు. మధ్యమధ్య లేచి రేడియేటర్ తల మీద అరచేయి పెట్టేవాడు. అరచేయి ఎంతసేపు ఆగితే అంత క్షేమం. ఎంత పెద్దమనిషి బండైనా రెండు గేట్లు పడనిదే షెడ్డు దాటదు.

భూపాలపల్లి అడవికి పోయే ఆఫీసరు ఒకాయన జీపు ఒకసారి నేనున్నప్పుడే షెడ్డుకు వచ్చింది. కోస్తా నుంచి వచ్చిన మనిషి. మిస్త్రీ “మసులుతాందా సారూ?” అంటే, ఆ మాటను అదే యాసలో రెండుసార్లు వెక్కిరించి, డ్రైవరు వైపు చూసి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఊరేగింపుల వేడి ఇంకా తగ్గని రోజులవి. మిస్త్రీ బండికి ఎదురుగా గొంతు కూర్చున్నాడు. జీపు బాగు చేసి, రెండు గేట్లు నిలబెట్టాడు. రెండో గేటు గూడ్సుది. ఎండలో గంటన్నర పట్టింది. ఆఫీసరు అరిచాడు, బతిమాలాడు, చివరికి స్టూలు మీద కూర్చుని నిద్రపోయాడు. “కోపమొచ్చి నిలబెట్టినవా?” అని తర్వాత అడిగాను. “కోపమేంది? అడివిల ఆగిపోతే ఎవలు సూస్తరు ఆయన్ని?” అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయి అన్నాడు.

ఇక అసలు సంగతికి రావాలి. రాయడానికి కూర్చున్నప్పటి నుంచి దాన్ని దాటవేసే దారులే వెతుకుతున్నాను.

ఐదేళ్ల తర్వాత, వైశాఖంలో మా పెదనాయిన కొడుకు పెళ్లి. బరాత్‌కు మా కారే, కొత్త జంటను ఊరేగించడానికి. మళ్లీ నిలబడితే మసలడం మొదలైంది. మిస్త్రీ బెల్టు మార్చాడు, రేకులు కడిగాడు, ఇంజిను నడిపించి నిలబెట్టాడు. ఒక గేటు పడి లేచింది. ఆయన లేచి రేడియేటర్ మీద అరచేయి పెట్టి, వెంటనే తీశాడు.

“జర తేడగున్నది చిన్నసేటూ. మీ బాయి నీళ్లు ఉప్పునీళ్లు. లోపల గొట్టాలల్ల పేరుకున్నట్టున్నది. ఇంకో గేటు సూద్దాం. కాకుంటే ఇప్పి కడుగుత.”

“బరాత్ యాళ్ల అయితాంది మిస్త్రీ. పువ్వులు గూడ కట్టాలె.”

“గంటనే. రెండు గేట్లు పడాలె.”

“బండి మాది. మసిలితే మాకే మసులుతది, నీకేంది?” అన్నాను. ఈ మాట నేను అన్నదే. ఎవరి మీదికీ నెట్టలేను. ఆయన పక్కకు జరిగాడు. “రేపు పొద్దుగాల్ల తప్పకుంట పట్కరా” అన్నాడు.

బరాత్ అంటే కారు మనిషి నడకకంటే మెల్లగా పోవాలి. ముందు బ్యాండు, ఆ ముందు ఎగిరే పిల్లలు. ప్రతి మూలమలుపు దగ్గర ఆగడమే. సగం దారిలో కారు మసిలింది. రేడియేటర్ కింది అతుకు దగ్గర నీళ్లు కారడం మొదలైంది. ఎవరో పసుపు వేయమన్నారు. అది మా వైపు డ్రైవర్లంతా చేసే పని. రేడియేటర్లో పసుపు పోస్తే అది పోయి చిల్లిలో కూర్చుని కారడం ఆపుతుంది. పెళ్లింట్లో పసుపుకు కొదవా? పిడికెళ్లతో పోశాం. చేతులు, అంగీలు పచ్చబడి, దానికీ ఒక నవ్వు. కారడం ఆగింది. పెళ్లికూతురు మా పెదనాయిన ఇల్లు చేరింది. పందిట్లోనే ఉండిపోయిన మా నాయినకు చెప్పొద్దని నా దోస్తులందరి చేతా మాట తీసుకున్నాను. మరునాడు విందు. కారును మిస్త్రీ దగ్గరికి తీసుకుపోలేదు.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం మిస్త్రీ మా దుకాణం మెట్ల దగ్గర నిలబడ్డాడు. కాళ్లకు చెప్పులు లేవు. ఆయన భార్యకు నొప్పులు మొదలై రెండు రోజులయింది. కాన్పు కావడం లేదు. మంత్రసాని చేతులెత్తేసింది. వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి. మా నాయిన తాళం చెవులు తీసి ఇవ్వమన్నాడు. నేను ఇస్తున్నాను. మిస్త్రీ వాటిని అందుకుంటూ అడిగాడు.

“బరాత్‌ల ఎట్లుండె చిన్నసేటూ బండి?”

మా నాయిన నా వైపు చూస్తున్నాడు. రెండు గేట్లు పడకుండా కారును తెచ్చానని ఆయనకు తెలియదు. నడి బజారులో మసిలిందనీ తెలియదు. ఇప్పుడు నలుగురి ముందు తెలుస్తుంది. వరంగల్ తోవ ఎక్కడా ఆగే పనిలేని తోవే కదా, ఉరికేటప్పుడు ఏమీ కాదు కదా అని మనసులో ఒక లెక్క వేసుకున్నాను. ఆ లెక్క కూడా ఆయన నేర్పిందే.

“మంచిగనే ఉండె మిస్త్రీ” అన్నాను.

ఆయన నమ్మాడు. బతుకంతా బండ్ల మీద కూర్చున్నవాళ్లను నమ్మనివాడు, ఆ రోజు నన్ను నమ్మాడు.

వరంగల్ చేరబోతుండగా ఒక గేటు పడింది. గూడ్సు రైలు గేటు మీదే ఆగిపోయింది. ముందూ వెనకా లారీలు. ఆ కారు బ్యాటరీ సంగతి ఆయనకు తెలుసు. ఆపితే మళ్లీ అందుకుంటుందో లేదోనని ఇంజిను నడుస్తూనే ఉంచాడు. మంచిగనే ఉందని నేను చెప్పిన బండే కదా. వేడి చూపించే ముల్లు ఎప్పుడో చెడిపోయింది. ఆయన ముఖం కూడా వెనక్కి తిరిగి భార్య వైపే ఉంది. పసుపు పేరుకున్న గొట్టాలలో నీళ్లు మసిలి మసిలి, పైపు పగిలింది. బానెట్ ఎత్తబోయిన ఆయన ఎడమ చేయి మోచేతి దాకా కాలింది. గేటు లేచాక లారీలు కదిలాయి, కారు కదలలేదు. ఎవరో పుణ్యాత్ముడు లారీలో ఎక్కించుకున్నాడు. దవాఖాన చేరేసరికి తల్లీ లేదు, కడుపులో పిల్లా లేదు.

వారం తర్వాత మిస్త్రీ కారు తెచ్చి మా వాకిట్లో నిలిపాడు. రేడియేటర్ విప్పి, లోపలంతా కడిగి, కొత్త పైపు వేసి తెచ్చాడు. చేతికి కట్టు ఉంది. మా నాయిన ఏడ్చాడు. మిస్త్రీ ఏడవలేదు.

“నాదే తప్పు సేటూ. ఒక్క గేటుకే ఇడిసిపెట్టిన” అన్నాడు.

నేను గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. పసుపు ఆయన కంటబడిందేమోనని భయపడ్డాను. ఆయన దాని ఊసు ఎత్తలేదు. మసిలిన నీళ్లతో పాటు కొట్టుకుపోయి ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఒక్క గేటుకు వదిలి భార్యను పోగొట్టుకున్నాడని జనగామంతా చెప్పుకుంది. ఆ మాట నా ముందే ఎన్నోసార్లు అన్నారు. పాపం అని నేనూ తల ఊపాను.

ఆ తర్వాత కూడా కారు ఆయన దగ్గరికే పోయేది. వేరేచోటికి తీసుకుపోతే ఎందుకని అడుగుతారని నా భయం. నన్ను చూస్తే ఆయన ముఖంలో ఏ తేడా లేదు. స్టూలు తుడిచి వేసేవాడు. ఒక మార్పు మాత్రం వచ్చింది. “ఇంకేమన్న చెప్పేదున్నదా?” అన్న ప్రశ్నను అందరినీ పని మొదలుపెట్టేముందు ఒకసారే అడిగేవాడు. నన్ను మాత్రం పనంతా అయ్యాక, రెండో గేటు లేచాక, చేతులు తుడుచుకుంటూ ఇంకోసారి అడిగేవాడు. నా వైపు చూడకుండా అడిగేవాడు. వయసు మీద పడి, అడిగింది మర్చిపోతున్నాడనుకున్నాను.

ఒకసారి చెప్పబోయాను. ఆయన బిడ్డ పెళ్లి కుదిరిన రోజులవి. తల్లి లేని పిల్లను ఒంటి చేత్తో పెంచాడు. షెడ్డులో మేమిద్దరమే. రెండో గేటు పడి ఉంది. రైలు ఇంకా రాలేదు. బండరాయి మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆయన ఎడమ చేయి నా మోకాలి పక్కనే ఉంది. కాలిన చోట చర్మం ముడతలు పడి మెరుస్తోంది.

“చెప్పేదేమన్నున్నదా చిన్నసేటూ?” అన్నాడు.

చెప్పేద్దామని ఆయన వైపు తిరిగాను. రైలు కూత వినబడింది. అది వెళ్లిపోయేదాకా ఆగాను. వెళ్లిపోయాక, “క్లచ్ జర గట్టిగున్నది మిస్త్రీ” అన్నాను.

ఆయన కాసేపు గేటు వైపే చూశాడు. “అయితే గది గూడ సూద్దాం తియ్యి” అని లేచాడు. ఆ రోజు క్లచ్ విప్పి మళ్లీ బిగించాడు. దానికి ఏ రోగమూ లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

తర్వాత చూపు మందగించి, షెడ్డు వదిలేసి, మొగుళ్లపల్లిలో బిడ్డ దగ్గరికి పోయాడు. రెండేళ్లలో ఒక్కసారి కూడా నేను పోలేదు. పత్తి సీజన్, లారీలు, పిల్లల జ్వరాలు. సాకులకు కరువేముంది?

డ్రైవరు చెప్పిన మరునాడు బస్సెక్కాను. ఆయనతో చెప్పనిది కనీసం ఆయన బిడ్డతోనన్నా చెప్పాలనుకున్నాను. ఆ రోజు వెనక సీట్లో తల్లి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్ల ఆమె. ఇప్పుడు చంకలో పిల్లవాడితో వాకిట్లో ఎదురొచ్చింది. నన్ను గుర్తుపట్టి, నులక మంచం వాల్చి, మంచినీళ్లు ఇచ్చింది. దండెం మీద ఖాకీ అంగీ ఒకటి వేలాడుతోంది.

“మీ అవ్వను వరంగల్ తీస్కపోయిన నాడు…” అని మొదలుపెట్టాను. నీళ్ల గ్లాసు కింద పెట్టాను. “ఆ బండి బరాత్‌ల మసిలింది బిడ్డా. నాకు ఎరికే. మంచిగున్నదని మీ బాపుకు అబద్ధం చెప్పిన.”

ఆమె పిల్లవాడిని కిందికి దించింది. 

“ఎరికే కాకా” అంది.

ఏడుపు కూడా రాలేదు నాకు. ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. “పైపు పల్గినప్పుడు నీళ్లన్ని పచ్చగ కొట్టినయి. బాపు చేతులు, అంగి అంత పసుపే. గదేంది బాపూ అంటే అప్పుడేం చెప్పలే. అవ్వ పోయినంక, అన్నీ అయినంక చెప్పిండు. నేను కడిగిచ్చిన బండిల పసుపు ఎవలు పోస్తరు బిడ్డా, బరాత్‌ల మసిలుంటది, పిలగాడు వాళ్ల నాయినకు బుగులు పడి దాసిండు అన్నడు. ఎవ్వలకు చెప్పకని నాతోని ఒట్టేయించుకున్నడు. ఊరంత ఆయన్నే అంటాంటె గూడ చెప్పనియ్యలే.”

“ఎందుకు బిడ్డా?”

“నువ్వే వచ్చి చెప్తవన్నడు. మనం అడిగితే వేరే, ఆయనంతట ఆయన చెప్తే వేరే, లేకుంటే బతుకంత గది లోపల్నే మసులుతది అనేటోడు. నువ్వు షెడ్డుకు వచ్చిపోయిన ప్రతిసారి అడిగేదాన్ని, చెప్పిండా బాపూ అని. తల అడ్డం ఊపేటోడు. ఈడికొచ్చినంక కండ్లు సక్కగ కనవడకపాయె. తొవ్వల ఏదన్న కారు సప్పుడైతే, చిన్నసేటు బండేమో సూడుమని నన్ను బయటికి తోలేటోడు. మొన్న పానం బాగలేనప్పుడు నాకే యాష్టకొచ్చింది. ఇగ రాడు, చెప్పడు, ఇడిసిపెట్టు బాపూ అన్న.”

కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను అడగకుండా ఉండలేకపోయాను.

“ఏమన్నడు?”

“ఇంకో గేటు సూద్దాం బిడ్డా, అన్నడు.”